గుండె లయ ఎక్కడ పుడుతుంది?

శరీరం నుంచి వేరుచేసిన గుండె కొంతసేపు తనంతట తానే కొట్టుకుంటుంది. ఈ వింతను రెండవ శతాబ్దంలోనే గాలెన్ అనే గ్రీకు వైద్యుడు గుర్తించాడు. నరాలన్నీ తెగినా గుండె ఎందుకు ఆగదన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం దొరకడానికి మాత్రం పదిహేడు వందల ఏళ్లు పట్టింది.

1852లో జర్మన్ శాస్త్రజ్ఞుడు స్టానియస్ కప్ప గుండెలో సిరాసరణికీ కర్ణికలకూ నడుమ దారం బిగించి కట్టాడు. సిరాసరణి యథాప్రకారం కొట్టుకుంటూనే ఉంది. మిగిలిన గుండె నిలిచిపోయింది. లయ ఎక్కడి నుంచి బయలుదేరుతుందో ఆ దారపు ముడి చెప్పింది. అయినా ఆ లయ నరాలదా, కండరానిదా అన్న వాదం ఆగలేదు. 1880లలో కేంబ్రిడ్జిలో గాస్కెల్ తాబేలు గుండెపై చేసిన ప్రయోగాలు కండరం వైపే మొగ్గు చూపాయి.

మనిషి గుండెలో సిరాసరణి విడి గదిగా కనిపించదు. మరి మనలో ఆ స్థానం ఏది? 1906లో జర్మనీలోని మార్బుర్గ్‌లో జపాన్ వైద్యుడు సునావో తవారా కర్ణికాజఠరికా కణుపును వర్ణించాడు. ఆ రోజుల్లోనే ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో ఆర్థర్ కీత్ వద్ద మార్టిన్ ఫ్లాక్ అనే వైద్యవిద్యార్థి పనిచేసేవాడు. నేలలో బొరియలు తవ్వే మోల్ అనే చిన్న జంతువు గుండెను అతడు సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. ఊర్ధ్వ మహాసిర కుడి కర్ణికలో కలిసేచోట ఒక ప్రత్యేక కణజాలం కనిపించింది. అదే సిరాకర్ణికా కణుపు. 1907లో వారిద్దరూ దానిని ప్రకటించారు. విద్యుత్ ప్రచోదనం అక్కడే మొదలవుతుందని 1910 ప్రాంతంలో థామస్ లూయిస్ నిరూపించాడు.

ఈ లయారంభక కణాలకు విశ్రాంతి లేదు. ప్రతి స్పందన ముగియగానే సోడియం అయాన్లు, ఆ తరువాత కాల్షియం అయాన్లు లోపలికి చేరి మరో స్పందనను పుట్టిస్తాయి. నరాలు ఈ వేగాన్ని పెంచగలవు, తగ్గించగలవు. అంతేగాని లయను పుట్టించవు. అందుకే మార్పిడి చేసిన గుండె నరాల సంబంధం లేకుండానే కొట్టుకోగలదు.

ఈ జ్ఞానమే కృత్రిమ పేస్‌మేకర్‌కు దారి చూపింది. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే రోగికి తొలిసారి శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చారు. ఆయన గుండెలో ప్రచోదనం జఠరికలకు చేరే దారి మూసుకుపోయి, పదేపదే స్పృహ తప్పేది. ఆ తొలి పరికరం కొద్ది గంటలే పనిచేసింది. తరువాతి పరికరాల అండతో ఆయన 2001 వరకు, 86 ఏళ్లు జీవించాడు.

విశ్రాంతిలో నాడి సాధారణంగా నిమిషానికి 60 నుంచి 100. నిద్రలోనూ, క్రీడాకారులలోనూ ఇంకా తగ్గవచ్చు. కాని నాడి మందగించి కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా, ఆయాసం వచ్చినా దానిని వయసు తెచ్చిన నీరసమని సరిపెట్టుకోరాదు. వెంటనే వైద్యుని కలిసి ఈసీజీ తీయించుకోవాలి. లార్సన్ కాలంలో అరుదైన సాహసంగా ఉన్న చికిత్స నేడు నిత్యం జరిగేదే. ఆలస్యం చేయకపోవడమే మన వంతు.