కినబాలు పార్కు

మలేసియాలోని సబా రాష్ట్రంలో, బోర్నియో ద్వీపం ఉత్తర భాగాన, 754 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన జాతీయ ఉద్యానం. 4,095 మీటర్ల కినబాలు పర్వతాన్నీ దాని చుట్టూ ఉన్న అడవినీ కాపాడేందుకు 1964లో ఏర్పాటైంది. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మలేసియా నుంచి ఆ జాబితాకెక్కిన తొలి రెండు స్థలాల్లో ఇదొకటి. రెండోది గునుంగ్ ములు.

ఈ కొండ చరిత్రను 1851లో కొండపైని పీఠభూమిని చేరిన బ్రిటిష్ అధికారి హ్యూ లోతో మొదలుపెట్టడం ఆనవాయితీ. అత్యున్నత శిఖరానికి ఆయన పేరే ఉంది గానీ, ఆయన దాన్ని ఎక్కలేదు. 1888లో పక్షుల సేకర్త జాన్ వైట్‌హెడ్ ఎక్కాడు. ఇద్దరికీ దారి చూపి, సామాన్లు మోసినవాళ్లు ఈ కొండవాలు ఊళ్లలోని దుసున్ ప్రజలు. వాళ్ల నమ్మకంలో ఇది చనిపోయిన పెద్దల ఆత్మలు నివసించే చోటు. కొండెక్కే ముందు కోళ్లు బలిచ్చి, గుడ్లు, వక్క, తమలపాకు, సున్నం, పొగాకు సమర్పించేవారు. మొనొలోబ్ అనే ఆ క్రతువు ఇప్పటికీ సాగుతోంది. ఈ కొండ చరిత్రలో వాళ్లకే మొదటి స్థానం ఇవ్వాలి.

1910లో లిలియన్ గిబ్స్ అనే వృక్షశాస్త్రవేత్త శిఖరం చేరింది. ఇక్కడికి చేరిన తొలి మహిళగా నమోదైంది ఆమే. 1961, 1964లలో ఇ.జె.హెచ్. కార్నర్ నాయకత్వాన రాయల్ సొసైటీ బృందాలు చేసిన పరిశోధనలు ఉద్యానం ఏర్పాటుకు బలమైన ఆధారమయ్యాయి.

వాళ్లను అంతగా కట్టిపడేసింది ఇక్కడి మొక్కల వైవిధ్యం. దిగువన ఉష్ణమండల వర్షారణ్యం, పైకి పోయేకొద్దీ ఓక్ చెట్లు, నాచు పట్టిన పొగమంచు అడవి, రోడోడెండ్రాన్ పొదలు. చివరికి ఒకప్పటి హిమానీనదాలు నున్నగా అరగదీసిన గ్రానైట్ బండ. మొత్తం 5,000కు పైగా మొక్కల జాతులున్నాయని అంచనా. వాటిలో నెపంథిస్ రాజా అనే కూజా మొక్కది ప్రత్యేకమైన కథ. దాని కూజాలో రెండు లీటర్లకు పైగా ద్రవం పడుతుంది. ఉడుతలాంటి ట్రీ ష్రూ కూజా అంచునెక్కి, మూత అడుగున ఊరే తేనె నాకుతూ అందులోనే మలవిసర్జన చేస్తుంది. దానిలోని నత్రజనే మొక్కకు ఎరువు. పురుగులను పట్టి తినే మొక్క, ఈ జంతువుకు మాత్రం విందు పెట్టి బతుకుతుంది!

సందర్శకుల్లో చాలామంది శిఖరం కోసమే వస్తారు. 1,866 మీటర్ల ఎత్తున ఉన్న టింపోహోన్ గేటు దగ్గర నడక మొదలవుతుంది. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ అంత ఎత్తు లేదు. రాత్రికి 3,272 మీటర్ల లబాన్ రాతాలో బస. తెల్లవారకముందే లేచి, తాళ్లు పట్టుకుని బండమీదుగా పైకి సాగుతారు. తాడెక్కే ఓపిక లేనివారికి కొండకింద పోరింగ్ వేడినీటి బుగ్గలు, రఫ్లీసియా పూలు ఉన్నాయి.

2015 జూన్ 5న వచ్చిన 6.0 తీవ్రత భూకంపంలో కొండమీద 18 మంది చనిపోయారు. వారిలో సింగపూర్ బడిపిల్లలు, వాళ్లను నడిపిస్తున్న స్థానిక మార్గదర్శకులు ఉన్నారు. మిగిలిన మార్గదర్శకులు రాళ్లు దొర్లుతున్న దారిలోనే పర్వతారోహకులను కిందికి దించారు. గాడిద చెవులుగా పేరున్న శిఖరంలో ఒక కొమ్ము విరిగిపోయింది. పాత శిఖరమార్గాన్ని వదిలి కొత్తది వేసి, అదే ఏడాది డిసెంబరులో ఆరోహణను తిరిగి అనుమతించారు. మార్గదర్శకుడు వెంట లేనిదే శిఖరానికి ఎవరినీ పంపరు.