యుగాంతం లెక్కలకు ఒక ఆడిట్

రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. దైవశాస్త్రంలో నాకు ఏ పట్టా లేదు. అయినా బైబిల్ జోస్యాల మీద రాయడానికి సాహసిస్తున్నానంటే కారణం ఒకటే. లోకం ఫలానా ఏడాది ముగుస్తుందని ప్రచారం చేసేవారు కూడికలు, తీసివేతలు చూపిస్తున్నారు. నమ్మకం ఎవరి ఇష్టం వారిది. కూడిక చూపించాక మాత్రం ఆడిట్ తప్పదు.

మేముండేది సూరత్‌లోని సలాబత్‌పురాలో. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన చేనేత కుటుంబాలు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. వారిలో క్రైస్తవం స్వీకరించినవారూ ఉన్నారు. అలాంటి ఒక మరమగ్గాల కార్మికుడు ఓ కరపత్రం పట్టుకుని వచ్చి, "సారూ, మీరు లెక్కల పని జేసినోళ్ళు గదా, గిది సరిగ్గున్నదా జర చూడున్రి" అన్నాడు. ఆయన అసలు సందేహం వేరే. కూతురు పన్నెండో తరగతి పాసైంది. లోకమే ఎక్కువ రోజులు ఉండనప్పుడు కాలేజీ ఫీజు కట్టడం ఎందుకని! కట్టమన్నాను. ఎందుకు కట్టమన్నానో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ఖాతా విలియం మిల్లర్‌ది. ఈయన అమెరికా రైతు. దానియేలు గ్రంథంలోని 2300 దినాలను 2300 సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కవేసి, 1843 ప్రాంతంలో క్రీస్తు తిరిగి వస్తాడని ప్రకటించాడు. 2300లోంచి 457 తీసేస్తే 1843. చూడ్డానికి సరిగ్గానే ఉంది. కానీ క్రీ.పూ. 1 తరువాత వచ్చేది క్రీ.శ. 1. మధ్యలో సున్నా సంవత్సరం లేదు. కాబట్టి ఒక ఏడాది కలపాలి. తేదీ 1844 అక్టోబర్ 22కు జరిగింది. ఆయన అనుచరుల్లో కొందరు కోత కోయకుండా పంట పొలంలోనే వదిలేశారు. ఆ రాత్రి గడిచింది, తెల్లవారింది. ఆ రోజుకు చరిత్రలో 'మహా నిరాశ' అని పేరు. ఆ తరువాత కొందరు ఏం చేశారు? తేదీ సరైనదేనని, ఆ సంఘటన పరలోకంలో జరిగిందని అన్నారు. పరలోకంలో ఓచర్లు ఎవరు తనిఖీ చేస్తారు?

రెండో ఖాతా ఛార్లెస్ రస్సెల్‌ది. ఈయన అనుచరులే తరువాత యెహోవా సాక్షులయ్యారు. యెరూషలేము పతనం క్రీ.పూ. 606లో జరిగిందని, అక్కడి నుంచి 2520 ఏళ్ళకు, అంటే 1914లో, అన్యజనుల కాలం ముగుస్తుందని లెక్క. ఇక్కడా సున్నా సంవత్సరం పొరపాటే. సరిచేస్తే 1915 రావాలి. మరి 1914 దాటిపోయాక, 1943లో ఆ సంస్థ ఏం చేసింది? ముగింపు నిల్వను ముట్టుకోలేదు. ప్రారంభ నిల్వను 606 నుంచి 607కు మార్చింది! బాబిలోను మట్టి పలకల ఆధారంగా చరిత్రకారులు ఆ పతనాన్ని క్రీ.పూ. 587 లేదా 586 అంటున్నారు. నా సర్వీసులో ఏ గుమాస్తా అయినా మొత్తం ముందే రాసుకుని, దానికి తగ్గట్టు పద్దులు దిద్ది తెస్తే ఆ రిజిస్టరు వెనక్కి పంపేవాణ్ణి.

యుగాంతం లెక్కలన్నిటిలోనూ నాకు కనిపించింది ఇదే. జవాబు ముందు, పద్దులు తరువాత.

ఇందులో నష్టం ఎవరికంటారా? 1975 మీద ఆశ పెట్టుకుని, ఇళ్ళూ ఆస్తులూ అమ్మి ప్రచారంలోకి దిగినవారిని అదే సంస్థ ప్రచురణ 1974లో మెచ్చుకుంది. 1975 వచ్చింది, పోయింది. అమ్మిన ఇళ్ళు తిరిగి వచ్చాయా? హెరాల్డ్ క్యాంపింగ్ అనే అమెరికా రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు. జరగకపోతే అక్టోబర్ 21 అన్నాడు. ఆయన మాట నమ్మి ప్రకటనల బోర్డులకు దాచుకున్న డబ్బు తగలేసినవారున్నారు. 2012లో ఆయన తప్పు ఒప్పుకున్నాడు. డబ్బు మాత్రం ఎవరికీ వాపసు రాలేదు.

మన తెలుగువారిలోనూ అనుచరులున్న విలియం బ్రాన్హామ్ 1977 నాటికి లోక వ్యవస్థలు ముగుస్తాయని అంచనా వేశాడు. ఆయన 1965లోనే చనిపోయాడు. 1977 నవంబర్ 19న మనకు వచ్చింది దివిసీమ ఉప్పెన. పదివేలమందికి పైగా పోయారు. ఏ లెక్కా వారిలో ఒక్కరినీ కాపాడలేదు. 1990 మేలో దాదాపు అంత తీవ్రమైన తుపానే కోస్తాను తాకినప్పుడు మృతులు వెయ్యిలోపే. మధ్యలో వచ్చిన మార్పు ఏమిటి? తుపాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు, జనాన్ని సకాలంలో తరలించడం.

ఇక సూచనలు. తెగుళ్ళు, భూకంపాలు వస్తే అంతం దగ్గర పడినట్టేనని, మత్తయి 24వ అధ్యాయం చూడమని అంటారు. ఆ కరపత్రంలో సూరత్‌కే నాలుగు సూచనలు రాశారు: 1994 ప్లేగు, 2001 భూకంపం, 2006 తపతి వరద, 2020 కరోనా. సరే, పాత రిజిస్టర్లు కూడా తీద్దాం. ఇదే ఊరిని శివాజీ 1664లోనూ 1670లోనూ కొల్లగొట్టాడు. 1680లలో ఇక్కడ ప్లేగు ఏళ్ళ తరబడి ఉంది. 1819లో కచ్ భూకంపం. 1837లో వేల ఇళ్ళు కాలిపోయిన అగ్నిప్రమాదం, ఆ ఏడాదే వరద కూడా. 1968లో మళ్ళీ వరద. సూచనలే లెక్కయితే సూరత్‌కు ఎన్నిసార్లు యుగాంతం వచ్చి ఉండాలి?

1994 సెప్టెంబరులో లక్షలమంది ఊరు విడిచి పారిపోయారు. యాభైమందికి పైగా చనిపోయారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు చెత్త ఎత్తించడం, మురుగు బాగుచేయించడం, అధికారులను రోజూ వీధుల్లోకి పంపడం మొదలుపెట్టారు. 1996లో దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా సూరత్‌కు పేరొచ్చింది. అంతానికి సూచన అనుకున్నది చీపురుకు లొంగింది!

మరి ఆ గ్రంథాలు ఎందుకు రాసినట్టు? దానియేలు 11వ అధ్యాయాన్ని లెక్కల పుస్తకంలా చూడండి. గ్రీకు రాజుల యుద్ధాలు వరసగా, దాదాపు తప్పులేకుండా ఉంటాయి. క్రీ.పూ. 167లో అంతియోకస్ రాజు యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేయడం దాకా అంతా సరిపోతుంది. ఆ తరువాత లెక్క తప్పుతుంది. అతను పరిశుద్ధ పర్వతం దగ్గర చస్తాడని ఉంది. నిజానికి క్రీ.పూ. 164లో పర్షియా వైపు చచ్చాడు. పద్దులు ఎక్కడి దాకా సరిపోయాయో, రాసినవాడు అక్కడ కూర్చుని రాశాడన్నమాట. మూడో శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే తత్వవేత్త ఈ సంగతి పట్టేశాడు. మన వీరబ్రహ్మంగారి పేర చెలామణి అయ్యే కాలజ్ఞానానికీ ఇదే పరీక్ష పెట్టి చూడండి.

ప్రకటన గ్రంథంలోని 666ను బార్‌కోడ్ అన్నారు, ఆధార్ అన్నారు, టీకా అన్నారు. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంటుంది. 'నెరోన్ కైసర్' అని రాస్తే 50, 200, 6, 50, 100, 60, 200. కూడండి, 666 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో ఈ సంఖ్య 616గా ఉంది. ఈజిప్టులో దొరికిన ఒక పపైరస్ ముక్కలోనూ అంతే. తేడా 50. లాటిన్ పద్ధతిలో 'నెరో' అని రాస్తే చివరి 'న' పోతుంది. దాని విలువ సరిగ్గా 50! రెండు లెక్కలూ ఒకే పేరు మీద కలవడం ఆడిటర్‌కు ఎంత సంతోషమో చెప్పలేను. ఆ గ్రంథం రోమ్ చక్రవర్తుల కింద నలిగిన మనుషులు సాటివారికి ధైర్యం చెప్పుకున్న రాత. అందులో వారి భయం ఉంది, కోపం ఉంది, ఆశ ఉంది. మన గ్యాస్ కనెక్షన్ నంబరు లేదు.

నేను హేతువాదిని. దేవుడు లేడనే నా అభిప్రాయం. కానీ ఈ విషయంలో విశ్వాసులు నాతో ఏకీభవించాల్సిన పని కూడా లేదు. రాకడ ఎందుకు ఆలస్యమైందన్న ప్రశ్నకు రెండో పేతురు పత్రికలోనే జవాబు వెతికారు. వెయ్యేళ్ళ పాలనను అక్షరాలా తీసుకోనక్కర్లేదని అగస్టీన్ అయిదో శతాబ్దంలోనే రాశాడు. ఆయన క్రైస్తవుడు కాకుండా పోయాడా?

విశ్వాసి మిత్రులారా, ఎవరైనా తేదీతో వస్తే రెండు ప్రశ్నలు అడగండి. ఇంతకు ముందు ఇదే లెక్క ఎన్నిసార్లు దిద్దారు? తేదీ దాటితే నా నష్టం ఎవరు భరిస్తారు? మొదటిదానికి చరిత్ర జవాబు చెబుతుంది. రెండోదానికి ఈ రెండు వేల ఏళ్ళలో ఎవరూ సంతకం పెట్టలేదు.