మరమగ్గం నుంచి మోకాలికి

ఈ మధ్య పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళం నలుగురం చేరితే చీరల సంగతీ, నగల సంగతీ అయ్యాక మూడో సంగతి మోకాళ్ళదే. హైదరాబాదులో ఉండే మా ఆడపడుచు మొన్న నన్ను చూడగానే "రెండూ మార్పించేశాను వదినా, చూడు" అంటూ భోజనాల హాలు మెట్లు చకచకా ఎక్కేసింది. నెలన్నర పాటు రోజూ ఒకమ్మాయి ఇంటికొచ్చి కసరత్తు చేయించిందట.

ఆ మరుసటి వారం మా ఊరు వెళ్ళాను. పెరట్లో నాలుగే నాలుగు మెట్లు. పాలు పోసే ఆవిడ చెంబు పైమెట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కొక్క మెట్టే ఎక్కుతోంది. ఆవిడదీ మా ఆడపడుచుదీ ఒకటే ఈడు. నలభై ఏళ్ళు బురదలో నడుం వంచి నాట్లు వేసిన మనిషి. గుజ్జు ఎవరికి ముందరిగి ఉంటుందో వేరే చెప్పాలా? కొత్త మోకాళ్ళు మాత్రం మా ఆడపడుచుకి వచ్చాయి.

ఇదేదో మన దేశపు జాడ్యమే అనుకుని పుస్తకాలు తిరగేశాను. "నీకెందుకే ఇవన్నీ?" అన్నారు మావారు. అయినా తిరగేశాను.

అసలీ వైద్యం నిలదొక్కుకున్నది ఏ మహానగరంలోనో కాదు. ఇంగ్లండులో నూలు మిల్లులకీ, బొగ్గు గనులకీ పేరుపడ్డ లాంకషైర్‌లో, విగన్ ఊరి దగ్గర రైటింగ్టన్ ఆసుపత్రిలో. అంతకుముందు అది క్షయరోగుల ఆసుపత్రి. అక్కడ జాన్ చార్న్లీ అనే డాక్టరు అరిగిపోయిన తుంటి కీలు తీసి కొత్తది పెట్టాలని పట్టుపట్టాడు. మొదట టెఫ్లాన్‌తో గిన్నె చేసి అమర్చాడు. నొప్పి పోయి నడిచినవాళ్ళు రెండు మూడేళ్ళకే మళ్ళీ మొదటికొచ్చారు. టెఫ్లాన్ అరిగి పొడైపోయింది. ఆ పొడి ఒంటికి పడుతుందా లేదా అని ఆయన తన తొడలోకే ఎక్కించుకుని చూశాడట! వాచింది.

1962లో మరమగ్గాల పళ్ళ చక్రాలకి వాడే ఒక రకం గట్టి పాలిథిలీన్ అమ్మేవాడొకడు ఆ ఆసుపత్రికి వచ్చాడు. చార్న్లీ దాన్ని గోటితో గీకి, పనికిరాదని పక్కన పడేశాడు. ఆయన దగ్గర పనిముట్లు చేసే హారీ క్రేవెన్ మాత్రం, దొరగారు ఊళ్ళో లేని సమయం చూసి, ఆ ముక్కని అరగదీసే యంత్రానికి ఎక్కించాడు. మూడు వారాలు తిప్పినా టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంతైనా అరగలేదట. ఆ నవంబరులోనే మొదటి రోగికి దాన్ని అమర్చారు. నేతపని వాళ్ళ మగ్గంలోంచి వచ్చిన వస్తువది. అది ముందు నేతపని వాళ్ళకే దక్కాలని నాకనిపిస్తుంది. మీకూ అనిపించదూ?

1948 నుంచీ బ్రిటన్‌లో వైద్యం రోగి చెయ్యి జేబులో పెట్టనక్కర్లేకుండానే సాగుతోంది. అయినా వేల్స్‌లో బొగ్గు గనుల పల్లెలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లో, వైద్యం ఎవరికెక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ అందుతుందని రాశాడు. తుంటి, మోకాలి ఆపరేషన్ల లెక్కలు తీసి చూస్తే, అవసరంతో పోల్చినప్పుడు ఇంగ్లండు పేదపేటల వాళ్ళకి బాగా తక్కువ దక్కాయని 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో తేలింది.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది కెనడా సంగతి. అక్కడా వైద్యానికి డబ్బు కట్టక్కర్లేదు. ఒంటారియోలో 2000లో అచ్చయిన పరిశోధన ప్రకారం, ఆపరేషను కావలసి ఉండీ అందనివాళ్ళు మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలో మూడు రెట్లకి మించి ఉన్నారు. ఆడవాళ్ళు భయపడి కాదు. చేయించుకోవడానికి ఇద్దరూ సమానంగానే సిద్ధం. డాక్టరుతో ఆ మాట జరిగిన ఆడవాళ్ళే తక్కువ!

ధనిక దేశాల కథ ఇలా ఉంటే మన పొరుగున బర్మాలో, మాండలే ఆసుపత్రిలో, శాన్ బా అనే డాక్టరు తుంటి విరిగినవాళ్ళకి ఏనుగు దంతంతో కీలు చెక్కి పెట్టాడు. 1960లో మొదటిది 83 ఏళ్ళ బౌద్ధ సన్యాసినికి. తరవాత మూడు వందల మందికి పైగా. ఏనుగుల మాట తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది గానీ, చేతికందినదానితో ముసలమ్మని నడిపించిన ఆ డాక్టరుకి దణ్ణం పెట్టాలనిపించింది.

మన దేశంలో 2017 ఆగస్టులో ప్రభుత్వం మోకాలి కీళ్ళ ధరకి కళ్ళెం వేసింది. సగటున లక్షా యాభై ఎనిమిది వేలున్న మామూలు రకం కీలు 54,720 రూపాయలకి దిగింది, పన్ను కాక. మరుసటి ఏడు వచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో మోకాలి మార్పిడినీ చేర్చారు. మా ఆడపడుచు ఆపరేషను ఆ తరవాతదే. నేను బిల్లు చూశాను. కీలు ఖరీదు అందులో ఓ మూలకుంది. మిగిలినదంతా గదీ, మందులూ, మనుషులూ.

సంక్రాంతికి మళ్ళీ ఊరెళ్ళినప్పుడు పాలావిణ్ణి కూర్చోబెట్టి అడిగాను.

"ఆపరేషను చేయించుకోకూడదూ?"

"డాక్టరుబాబు బిళ్ళలిచ్చారమ్మా. ఆపరేషన్ మాట ఆయనా ఎత్తలా, నేనూ అడగలా."

ఒంటారియో ఎక్కడ, మా ఊరెక్కడ!

"కార్డుందిగా, కనుక్కుందాం" అన్నాను.

ఆవిడ నవ్వింది. "పట్నం దాకా ఎవరు తీసుకెళ్తారమ్మా? తీసుకెళ్ళారే అనుకోండి, నెలన్నర నేను మంచం మీదుంటే గేదెకి గడ్డెవరేస్తారు?"

రాత్రి మా ఆడపడుచుకి ఫోన్ చేసి డాక్టరు పేరు రాసుకున్నాను. పట్నానికి నేనే తీసుకెళతానన్నాను. మావారు ఈసారి ఎందుకే అనలేదు. గేదె సంగతి మాత్రం ఇంకా తేలలేదు.