వేలిముద్ర నుంచి లెక్క పుస్తకం దాకా

సంఘాల చరిత్ర చెప్పమంటే అందరూ పొదుపుతో మొదలుపెడతారు. మేము రాత్రిబడితో మొదలుపెడతాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టారు. వాచకంలో సారా మీద పాఠం ఉంది. చదివి ఊరుకోలేదు. 1992లో దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా బంద్ అయింది. ఆ తర్వాత రోజుకో రూపాయి దాచుకుందామన్నారు. అవే పొదుపు లక్ష్మి సంఘాలు.

అంతకుముందే 1982-83లో డ్వాక్రా వచ్చింది. అప్పట్లో మనకిచ్చే శిక్షణంటే కుట్టుపని, అప్పడాలు, పచ్చళ్లు. నేర్చుకున్నా సరుకు అమ్ముకునే దారి లేకపోతే ఏం లాభం? మిషను మూలన పడేది. మా లెక్కలో నిజంగా పనికొచ్చిన శిక్షణ పుస్తకాలు రాయడమే. పంచసూత్రాల్లో అది ఐదోది గానీ, అది లేకపోతే మిగతా నాలుగూ నిలవవు. మొదట్లో చాలా సంఘాల పుస్తకం చదువుకున్న ఏ మగాయన చేతిలోనో ఉండేది. ఆయన చెప్పిందే లెక్క.

2000లో వెలుగు పథకం వచ్చాక గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య కట్టుకున్నాం. ఊళ్లో నాలుగక్షరాలు వచ్చిన అమ్మాయికే తీర్మానాలు, నగదు పుస్తకం, లెడ్జరు నేర్పారు. సమావేశంలో ఎవరి బాకీ ఎంతో పైకి చదివి వినిపించేవాళ్లు. చదువు రాని అక్కలకూ లెక్క నోటికి వచ్చేసింది! తప్పు చదివితే వాళ్లే పట్టుకునేవాళ్లు.

అలా తయారైనవాళ్లే సీఆర్పీలై బిహార్‌లో జీవిక సంఘాలకు నేర్పడానికి వెళ్లారు. భాష రాదు, తిండి పడదు. అయినా పేదల వాడల్లోనే ఉండి, గుండ్రంగా కూర్చోబెట్టి, తమ పాసుపుస్తకం తెరిచి చూపించి సంఘాలు కట్టించారు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కూడా ఈ పద్ధతినే తీసుకుంది.

మరి ఆ అక్కలు ఏ మెట్టు దాకా ఎక్కారు? చాలామంది గౌరవ వేతనం దగ్గరే ఆగిపోయారు. ఆఫీసులో ఉద్యోగానికి డిగ్రీ అడుగుతారు. పదిహేనేళ్లు పుస్తకాలు రాసిన అనుభవం ఏ కాగితంలోనూ కనిపించదు. ఇలాంటి నివేదికల్లో ఎంతమందికి శిక్షణ ఇచ్చారో రాసే గడి ఎప్పుడూ ఉంటుంది. శిక్షణ పొందినవాళ్లు తర్వాత ఏ పనికి, ఎంత జీతానికి వెళ్లారో రాసే గడి కూడా ఉండాలని మేము అడుగుతున్నాం.