భిలాయి రైతు వంశాల జాడ: ఖాతా ముగిసిన చోట ఏం వెతకాలి?

భిలాయి అంటే ఉక్కు గుర్తొస్తుంది. భారత్-సోవియట్ ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. అంతకుముందు ఇక్కడ ఉన్నవి దుర్గ్ జిల్లా వరి పొలాలు, పల్లెలు. ఆ పొలాలను తొలుత సాగుచేసిన కుటుంబాల వారసులను గుర్తించడం ఇప్పుడు సరదా వ్యవహారం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో కుల ధ్రువీకరణకు పూర్వికుల నివాసం చూపాలి. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, ఓబీసీలకు 1984 డిసెంబరు 26 గీటురాళ్లు.

వెతుకులాటకు మొదటి మెట్టు ‘మిసల్’. బ్రిటిష్ కాలపు భూమి బందోబస్తులో ఊరివారీగా తయారైన దస్త్రమిది. అప్పట్లో ఊరిపై హక్కు మాల్‌గుజార్‌దే అయినా, కౌలు రైతు పేరు, తండ్రి పేరు, కులం, ఖస్రా (సర్వే) నంబరు అందులో నమోదయ్యాయి. మాల్‌గుజారీ 1951లో రద్దయింది. రెండో మెట్టు 1954-55 నాటి ‘అధికార్ అభిలేఖ్’. కర్మాగారం రాకముందు ఎవరి చేతిలో ఏ పొలం ఉందో తెలిపే కీలక పత్రం ఇదే.

పొలం సేకరణకు పోయాక ఆ ఖాతాలో వారసుల పేర్లు ఎక్కవు. గొలుసు తెగేది ఇక్కడే. అప్పుడు భూసేకరణ అవార్డు చూడాలి. పరిహారం ఎవరెవరికి ఎంత పంచారో అందులో ఉంటుంది. కొడుకు కర్మాగారంలో చేరి ఉంటే సర్వీసు పుస్తకంలో తండ్రి పేరు, సొంత ఊరు దొరుకుతాయి. బడి ప్రవేశ రిజిస్టరు, కోత్వార్ రాసిన జనన మరణాల పుస్తకం మిగతా ఖాళీలు పూరిస్తాయి.

తెలుగువారిని తికమక పెట్టేది పేరు. మన ఇంటిపేరు ఒక వంశాన్ని సూచిస్తుంది. ఇక్కడ సాహు, వర్మ, యాదవ్ వంటివి ఎక్కువగా కులాన్ని సూచిస్తాయి. ఒకే ఊళ్లో సంబంధం లేని ఎన్నో ఇళ్లకు అదే పేరు ఉండొచ్చు. అందుకే పేరు ఒక్కటే కలిస్తే చాలదు. తండ్రి పేరు, ఊరు, ఖస్రా నంబరు కూడా కలవాలి. పాత వంశవృక్షాల్లో ఆడపిల్లల పేర్లు తరచూ ఉండవు. వారి శాఖను పెళ్లయి వెళ్లిన ఊళ్లో వెతకాలి.

ఉక్కు నగరంలో పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల లెక్క వేరు. 1955 తర్వాత వచ్చినవారి మూలాలు దుర్గ్ మిసల్‌లో ఉండవు. శ్రీకాకుళం నుంచి వచ్చినవారైతే అక్కడి అడంగల్, 1-బి, ఎస్టేట్ల రద్దు తర్వాతి సెటిల్‌మెంట్ రికార్డులు చూడాలి. వలస వెళ్లినచోట సొంత రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదా దానంతటదే వర్తించదని మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. తెనాలిలో పుట్టి బొంబాయిలో పెరిగిన విద్యార్థి కేసు అది.

ఒకే ఉక్కు నగరంలో భూమి ఇచ్చిన కుటుంబానికీ, పనికోసం వచ్చిన కుటుంబానికీ జాడ వేర్వేరు చోట్ల ఉంది. ఇద్దరూ తాతల ఊరు, తండ్రి పేరు, పొలం నంబరు తెలిసిన పెద్దలు ఉండగానే రాసిపెట్టుకోవాలి. ఆ మూడూ తెలియకపోతే రికార్డు గదిలో ఉన్న కాగితం కూడా దొరకదు.