పారిస్ చేరిన ‘ఎజూర్‌వేదం’ – మతగ్రంథ ప్రామాణ్య విచారణ

మతతత్త్వ పరిశోధనలో మొదటి ప్రశ్న గ్రంథం ఏమి చెబుతున్నదన్నది కాదు. ఆ గ్రంథం ఎక్కడిదన్నది. ఈ ప్రశ్నను విస్మరించినందువల్ల పద్దెనిమిదవ శతాబ్దిలో ఐరోపా మేధావులు ఎంత పొరబడ్డారో ‘ఎజూర్‌వేదం’ చరిత్ర తెలియజేస్తుంది.

భారతదేశంలో పనిచేసి తిరిగి వెళ్లిన మోదావ్ అనే ఫ్రెంచి అధికారి 1760లో ఈ వ్రాతప్రతిని ప్రసిద్ధ రచయిత వొల్టేర్‌కు అందజేశాడు. ప్రతి ఫ్రెంచి భాషలో ఉంది. సంస్కృత మూలానికి అనువాదమని ప్రతీతి. వ్యాసునికీ సుమంతునికీ మధ్య సంభాషణగా సాగే ఈ రచన విగ్రహారాధనను ఖండించి ఏకేశ్వరోపాసనను బోధిస్తుంది. ఇది అలెగ్జాండర్ దండయాత్రకు పూర్వపుదని నమ్మిన వొల్టేర్, 1761లో దానిని పారిస్ రాజగ్రంథాలయానికి సమర్పించాడు. క్రైస్తవ మతాధికారంతో వాదోపవాదాలు సాగిస్తున్న ఆయనకు, బైబిలుతో సంబంధం లేని ప్రాచీన ఏకేశ్వరవాదం బలమైన ఆధారంగా తోచింది. తాను కోరుకున్న మాటనే గ్రంథం పలకడంతో దాని పుట్టుపూర్వోత్తరాలపై సందేహం కలుగలేదు. 1778లో సెంత్ క్రువా సంపాదకత్వంలో అది అచ్చయింది.

నిజానికి సందేహానికి తగిన ఆధారం గ్రంథంలోనే ఉంది. పురాణ సంప్రదాయం ప్రకారం వ్యాసుడు గురువు. పైల, వైశంపాయన, జైమిని, సుమంతులు ఆయన శిష్యులు. యజుర్వేదం వైశంపాయనునికీ, అథర్వవేదం సుమంతునికీ సంక్రమించాయి. ‘ఎజూర్‌వేదం’లో మాత్రం సుమంతుడే బోధకుడు, వ్యాసుడు శ్రోత. ఏ భారతీయ పండితుని సంప్రదించినా ఈ వైపరీత్యం క్షణంలో బయటపడేది.

1782లో పియెర్ సొనెరా తన యాత్రాగ్రంథంలో ఈ రచన నాలుగు వేదాలలో ఏదీ కాదనీ, మచిలీపట్నంలో ఒక మిషనరీ రచించిన వాదగ్రంథమనీ ప్రకటించాడు. అనంతరం మద్రాసులో ఉన్నతోద్యోగి, 1816లో తెలుగు సంస్కృత జన్యం కాదని నిరూపించిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, పుదుచ్చేరిలోని వ్రాతప్రతులను స్వయంగా పరిశీలించాడు. అక్కడ ఇటువంటి ‘వేదాలు’ మరికొన్ని కూడా లభించాయి. ఎల్లిస్ 1819లో మరణించగా ఆయన వ్యాసం 1822లో ‘ఏషియాటిక్ రిసెర్చెస్’లో వెలువడింది. అయితే రచనను రాబర్ట్ డి నొబిలి పరంగా చెప్పిన అభిప్రాయం తరువాత నిలువలేదు. 1984లో లూడో రోషే సమగ్ర అధ్యయనం చేసి, ఇది ఫ్రెంచి జెసూట్ మిషనరీల కృతి అనీ, ఫ్రెంచి పాఠమే మూలమనీ నిర్ధారించాడు. కర్త ఎవరన్నది మాత్రం తేల్చలేదు.

ఇందులో విచారకరమైన అంశం మరొకటి ఉంది. తెలుగు ప్రాంతాలలో కూడా పనిచేసిన కర్ణాటక మిషన్ సభ్యుడు కాల్మెట్ 1730వ దశకంలోనే అసలైన వేద ప్రతులను సేకరించి అదే రాజగ్రంథాలయానికి పంపాడు. వాటిని చదవగలవారు అక్కడ లేరు. చదవడానికి సులువైన నకిలీ ప్రసిద్ధి పొందగా, అసలు ప్రతులు అరలలో మిగిలిపోయాయి.

నేడు గ్రంథాలయాల అరలు కంప్యూటర్ తెరపైకి వచ్చాయి. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయపు ‘గాలికా’ మూల ప్రతుల ఛాయాచిత్రాలను, గటింగెన్ విశ్వవిద్యాలయపు ‘గ్రెటిల్’ సంస్కృత పాఠాలను అందిస్తున్నాయి. ‘గ్రెటిల్’ పాఠాలకు ముందు ఏ ముద్రణ ఆధారమో, ఎవరు ఎక్కించారో సాధారణంగా పేర్కొంటారు. అయితే మూలం, ముద్రణ, అనువాదకుని పేరు లేని పాఠాలు అంతకంటే సులువుగా చేతికందుతున్నాయి. ఎల్లిస్ అనుసరించిన క్రమమే వీటికీ వర్తిస్తుంది: ప్రతి ఎక్కడ ఉన్నది, ఏ చేతుల మీదుగా వచ్చింది, దాని భాష ఆ కాలానికి తగినదేనా, సంప్రదాయజ్ఞులు దానిని ఎరుగుదురా అని విచారించాలి. పరిశోధకుని అభిప్రాయాన్ని పూర్తిగా సమర్థించే ఆధారం దొరికినప్పుడు ఈ విచారణ మరింత నిశితంగా సాగాలి. వొల్టేర్ వంటి మేధావికే తప్పని పొరపాటు ఎవరికైనా సంభవించవచ్చు.