వెనక వరసలో నిలబడ్డ మనిషి

కచేరీలో తంబురాను ప్రత్యేకంగా వినేవాళ్లు తక్కువ. అది ఆగినప్పుడే లోటు తెలుస్తుంది. జాజ్ బృందాల్లో డబుల్ బేస్ సంగతీ అంతే. మనిషెత్తును మించిన ఆ వాద్యాన్ని ఆరు దశాబ్దాలకు పైగా మోసినవాడు మిల్ట్ హింటన్.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, విక్స్‌బర్గ్‌లో 1910లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టి, షికాగోలో పెరిగాడు. మొదట నేర్చింది వయొలిన్. మూకీ సినిమాలు ఆడే హాళ్లలో వయొలిన్ వాయించేవాళ్లకు కొలువులుండేవి. 1927 తర్వాత టాకీలు వచ్చి ఆ కొలువులు ఊడాయి. డాన్సు బృందాలకు కావలసింది బేస్. పొట్ట కోసం వాద్యం మార్చాడు.

1936లో కాబ్ కాలొవే బృందంలో చేరి సుమారు 15 ఏళ్లు ఊరూరా తిరిగాడు. దక్షిణాది ఊళ్లలో వాళ్ల వాద్యానికి చప్పట్లు దొరికేవి, తెల్లవాళ్ల హోటళ్లలో గది దొరికేది కాదు. హింటన్ వెంట కెమెరా కూడా ఉండేది. రైల్వే స్టేషన్లలో నల్లవారికి వేరే దారి చూపే బోర్డుల దగ్గర నిలబడ్డ తోటివాళ్లను, రైల్లో ఒరిగి నిద్రపోతున్న వాళ్లను ఫొటోలు తీశాడు. 1950లలో న్యూయార్క్ స్టూడియోల్లో చోటు దొరికింది. నల్ల వాద్యకారులు అక్కడ అప్పటికి అరుదు. 1959లో బిల్లీ హాలిడే చివరి రికార్డింగులోనూ బేస్ ఆయనదే, ఫొటోలూ ఆయనవే.

2000లో 90వ ఏట కన్నుమూశాడు. మిగిలినవి వెయ్యికి పైగా రికార్డింగులు, వేలాది ఫొటోలు.

బ్యాంకులో జమాఖర్చులు రాసిన చేతికి ఒక సంగతి తెలుసు: రుజువు లేని బాకీ వసూలు కాదు. ఆ చప్పట్ల వెనకనున్న అవమానానికి వెనక వరసలో నిలబడ్డ మనిషే రుజువు దాచిపెట్టాడు.